నమ్మనివాళ్లకి పురాణాలెందుకు?

దేవుణ్ణి నమ్మనివాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కలవాళ్లకి కూడా సరిగ్గా తెలీదనుకుంటాను. పండగపూట పులిహోర దగ్గర నమ్మేవాళ్లకీ నమ్మనివాళ్లకీ తేడా కనపడదు గదా! వినాయకచవితినాడు పాలవెల్లికి పిందెలు కట్టే చేతులు భక్తితో కడుతున్నాయో, అలవాటు కొద్దీ కడుతున్నాయో, పక్కన అత్తగారు నిలబడి చూస్తున్నారని కడుతున్నాయో ఎవరు చెప్పగలరు చెప్పండి?

నా మట్టుకు నేను నమ్మనిదాన్ని. ఈ మాట విని ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. కథలు రాసుకునేవాళ్లకి ఆ మాత్రం తిక్క ఉంటుందిలే అని సరిపెట్టుకుంటారు. ఆశ్చర్యపోయేదల్లా మా ఇంట్లో పుస్తకాల బీరువా చూసినప్పుడు. భాగవతం, మనుస్మృతి, బైబిలు, తెలుగు ఖురాను, బుద్ధుడి మీద నాలుగు పుస్తకాలు, మూలన దుమ్ముకొట్టుకుపోయిన శాసనాల సంపుటాలు. "భక్తి లేనిదానివి, నీకెందుకమ్మా ఇవి?" అని నమ్మేవాళ్లు నొచ్చుకుంటారు. "ఇంకా ఈ పాత చింతకాయ పచ్చడేమిటండీ?" అని నమ్మనివాళ్లు విసుక్కుంటారు. ఇద్దరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేదు గనక ఇక్కడ కలిపి చెప్పేస్తున్నాను.

మొదటి సంగతి. నేను మతాన్ని నమ్మకపోవచ్చు. అంతమాత్రాన మతం నన్ను వదిలిపెట్టదు. వానని నమ్మననుకున్నవాడు గొడుగు లేకుండా బయల్దేరితే తడవకుండా ఉంటాడా? ఆడపిల్ల ఎప్పుడు పెళ్లాడాలి, మొగుడు పోతే ఏం కట్టుకోవాలి, తద్దినం ఎవరు పెట్టాలి, ఆస్తి ఎవరికి పోవాలి అన్నవన్నీ మన దేశంలో శతాబ్దాల తరబడి శాస్త్రం పేరు చెప్పే తేల్చారు. ఆ శాస్త్రంలో నిజంగా ఏముందో చూసినవాళ్లు ఎందరు? చదవనివాళ్లకి చదివినవాడు చెప్పిందే వేదం!

దీనికి మా విజయనగరంలోనే గొప్ప సాక్ష్యం ఉంది. కన్యాశుల్కం నాటకం చూసి మనమంతా గిరీశం కబుర్లకి నవ్వుకున్నవాళ్లమే. 1897 ముద్రణకి గురజాడవారు ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివితే మాత్రం ఆ నవ్వు ఆగిపోతుంది. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లకి ఒక జాబితా తయారుచేయించారు. లెక్కకి వచ్చినవి 1034. వాటిలో పెళ్లికూతురి వయసు అయిదేళ్లైనవి 99, నాలుగేళ్లైనవి 44, మూడేళ్లైనవి 36. రెండేళ్ల పిల్లలు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు! ఉయ్యాల్లోంచి తీసి పీటల మీద కూర్చోబెట్టారన్నమాట.

ఇందులో చిత్రమేమిటంటే, ఆ తండ్రులంతా ఆచారపరులే. సంధ్య వార్చనిదే మంచినీళ్లు ముట్టనివాళ్లు. కాని మనుస్మృతి ఎనిమిది రకాల వివాహాలు చెప్పి, డబ్బు పుచ్చుకుని పిల్లనివ్వడాన్ని ఆసుర వివాహం కింద కట్టింది. తెలిసిన తండ్రి కూతురికి కాస్తంతైనా శుల్కం పుచ్చుకోకూడదని కూడా అన్నది. అంటే, ఏ శాస్త్రం పేరు చెప్పుకుని బతికారో ఆ శాస్త్రమే తమని తప్పుపడుతోందని చాలామందికి తెలీదు, తెలిసినవాళ్లు నోరు విప్పలేదు. ఆ మనుస్మృతే స్త్రీ స్వాతంత్ర్యం గురించి అన్న మాటలు మనందరికీ కంఠతా వచ్చు. అందుకే నాకు ఆ పుస్తకం మీద ప్రేమ లేదు. ప్రేమ లేదని చదవడం మానేస్తే, అందులో మనకి పనికొచ్చే ముక్క దాచేసి, మనల్ని కట్టేసే ముక్క మాత్రం బయటికి తీసేవాళ్లకి ఎదురు చెప్పేదెవరు? కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఆ పనే చేశారు. వితంతువుల పెళ్లి శాస్త్రవిరుద్ధమని పండితులంతా ముక్తకంఠంతో అంటుంటే, తాటాకుల్లోకి దిగి పరాశరస్మృతిలోంచి దానికి ఆధారం పట్టుకొచ్చారు. 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. జాలి ఒక్కటే ఉంటే ఆ చట్టం వచ్చేదికాదు. చదువు కూడా కావలసివచ్చింది.

రెండో సంగతి. మనలాంటివాళ్ల చరిత్ర ఎక్కడుందో వెతకండి. రాజుల చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలూ, సంధులూ, పట్టాభిషేకాలూ. ఆడవాళ్ల పేర్లు కావాలంటే గుడికే వెళ్లాలి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఒకప్పటి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. ఆ గుడి శాసనాల్లో అఖండదీపానికి దానాలిచ్చినవాళ్లలో రాణులున్నారు, అధికారుల భార్యలున్నారు, దేవుడి ముందు ఆడి పాడే సానులున్నారు. దీపం ఆరకుండా నెయ్యికోసం పశువులనిచ్చిన ఆ ఇల్లాళ్లు ఎలా ఉండేవారో, ఏ మొక్కుకి ఇచ్చారో మనకి తెలీదు. పేరు మాత్రం రాతి మీద మిగిలింది. దీపం వల్ల పుణ్యం వస్తుందని నేననుకోను. కాని ఆ దీపం లేకపోతే ఆ పేరు కూడా నాకు దక్కేది కాదు. వెయ్యేళ్ల కిందటి ఒక స్త్రీ తన పేరు చెక్కించుకోగలిగిన చోటు అదొక్కటేనేమో!

ఆ రాళ్లు చదవడానికి గిడుగు రామమూర్తి పంతులుగారు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారాయన. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, తనంతట తానే పాత లిపులు నేర్చుకుని ఆ గుడిగోడలు చదివారు. శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండమీద బౌద్ధుల ఆనవాళ్లు 1919లో లోకానికి తెలియజేసింది కూడా ఆయనే. తరవాత తవ్వితే స్తూపాలూ, తారాదేవి, మారీచి విగ్రహాలూ బయటపడ్డాయి. వాడుకభాష కోసం పోట్లాడిన పంతులుగారిగానే ఆయన్ని మనం తలుచుకుంటాం. రాళ్లమీదున్న భాషని కూడా అంత ఓపికగానూ విన్నారని గుర్తుంచుకోము.

ఇంక పైడితల్లమ్మ సంగతి. విజయదశమి దాటిన మంగళవారం విజయనగరంలో సిరిమాను తిరుగుతుంటే, నేల ఈనినట్టు జనం. ముందురోజు తొలేళ్లు. అప్పుడు రైతులు విత్తనాలు పుచ్చుకుంటారు. సిరిమానుకి ముందు పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. మూడు లాంతర్ల దగ్గరి గుడినుంచి కోటదాకా మూడుసార్లు తిరిగొస్తుంది. మూఢనమ్మకం అని ఒక్కమాటలో తేల్చేసి ఇంట్లో కూర్చునేవాళ్లని నేనెరుగుదును. వాళ్లు ఎంత పోగొట్టుకుంటున్నారో వాళ్లకి తెలీదు.

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు తోడు తెచ్చుకుని విజయనగరం రాజు పెదవిజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోట పడిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్లనీ, పిల్లల్నీ అయినవాళ్లే చంపేశారు. తాండ్ర పాపారాయుడు వచ్చి గుడారంలో విజయరామరాజుని చంపాడు. ఇది పుస్తకాల్లో ఉన్న కథ. బుర్రకథలు చెప్పారు, సినిమాలు తీశారు. ఇందులో ఆడవాళ్లు ఎక్కడున్నారు? చంపబడ్డవాళ్లలో ఉన్నారు, అంతే.

జనం చెప్పుకునే కథ ఇంకోటుంది. ఆ రాజుకో చెల్లెలుంది, పేరు పైడితల్లి. యుద్ధం వద్దు అన్నయ్యా అన్నది. అన్న వినలేదు. అన్న చావు కబురు విని ఆ పిల్ల పడిపోయింది. తరవాత పెద్దచెరువులో ఆమె విగ్రహం దొరికింది, ఊరికి తల్లి అయింది. ఇది జరిగిందని రుజువు చెయ్యమంటే నేను చెయ్యలేను. నాకు అక్కర్లేదు కూడా. కాని ఒకటి ఆలోచించండి. యుద్ధానికి వెళ్లిన మగవాళ్లందరి పేర్లూ చరిత్ర రాసుకుంది. యుద్ధం వద్దన్న గొంతుని జనం దాచుకున్నారు, దాచుకోవడానికి వాళ్లకి గుడి తప్ప వేరే చోటు లేదు. రాజు చెల్లెలు కథలో బెస్తవారికీ, రైతుకీ, పూజారికీ తలా ఒక చోటు దొరికింది. ఎవరి పని వాళ్లు ఏటేటా చేసి ఆ కథని మరుపున పడకుండా నిలబెడుతున్నారు. మా ఇంట్లో పనిచేసే ముసలమ్మనడిగాను, "తల్లిని నువ్వెందుకు నమ్ముతావే?" అని. "నమ్మడమేటమ్మా? మా ఆడబిడ్డ లాంటిది. ఆయమ్మ మాటిని ఉంటే ఆ రాజు బతికుండును," అంది. ఆ యుద్ధం మీద ఇంత సూటి వ్యాఖ్యానం నేను పుస్తకాల్లో చదవలేదు.

మూడో సంగతి. "మన ఆచారాలు అనాదిగా ఇలాగే ఉన్నాయి" అనే మాట వింటూ పెరిగాం. మతం ఎలా మారుతూ వచ్చిందో చదివితే ఆ మాట ఎంత తేలికైనదో తెలుస్తుంది. నెల్లిమర్ల దగ్గర రామతీర్థం వెళ్లండి. కింద రాముడి కోవెల. గురుభక్తుల కొండ మీద బౌద్ధుల విహారాల శిథిలాలు. దుర్గకొండ మీద జైన విగ్రహాలు. ఒకే చోట మూడు మతాలు వచ్చాయి. అందులో రెండు కాలంలో కలిసిపోయాయి. అక్కడ మొక్కిన ప్రతి తరమూ తనదే శాశ్వతమనుకుని ఉంటుంది. గంజాం కొండల్లో ఖోండులు భూదేవికి మనిషిని బలిచ్చేవారు. దాన్ని ఆపడానికి ప్రభుత్వం 1845లో ప్రత్యేకంగా ఒక ఏజెన్సీనే పెట్టింది. మనిషి బదులు దున్నపోతు వచ్చింది. భూదేవి ఏమీ అనలేదు, పంటలు పండుతూనే ఉన్నాయి. మార్చకూడదని భయపడే ప్రతి ఆచారమూ ఏదో ఒకప్పుడు మారినదే. ఇది తెలిసినవాళ్లకి మార్చే ధైర్యం వస్తుంది.

అలాగని, చదవడమంటే వంటింట్లో ఎలకని పట్టినట్టు తప్పులు పట్టడం కాదు. అరసవిల్లిలో మార్చి నెలలోనూ, అక్టోబరు మొదట్లోనూ పొద్దుటి ఎండ నేరుగా లోపలికి వచ్చి సూర్యదేవుడి పాదాల మీద పడుతుంది. నమ్మేవాళ్లు దణ్ణం పెట్టుకుంటారు. నమ్మనివాడు "ఇందులో ఏముందోయ్?" అనేసి వెళ్లిపోతే నష్టం వాడికే. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండే రోజులు, మార్చి ఇరవై ప్రాంతాన ఒకసారీ, సెప్టెంబరు ఇరవైమూడు ప్రాంతాన ఒకసారీ. మొదటిదానికి పదిరోజుల ముందు ఎక్కడ పొడుస్తాడో, రెండోదానికి పదిరోజుల తరవాత కూడా దాదాపు అక్కడే పొడుస్తాడు. వాకిలి ఆ చోటుకి సరిపోతే ఏటా రెండుసార్లు వెలుగు లోపలికొస్తుంది. ఇది తెలిశాక నాకు ఆ గుడిమీద గౌరవం పెరిగింది. గడియారం లేని రోజుల్లో ఎన్ని తెల్లవారుజాములు లేచి కూర్చుంటే ఆ చూపు అలవడుతుంది!

నాలుగో సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యం. మనం ప్రేమించేవాళ్లు నమ్ముతారు. వాళ్లు దేన్ని పట్టుకుని బతుకుతున్నారో తెలుసుకోకుండా వాళ్లని ప్రేమిస్తున్నామనుకోవడం ఎలా?

సవరల సంగతి చూడండి. గిడుగువారు వాళ్ల భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రకటించారు. తరవాత 1970లలో పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంగ్లేయుడు ఒడిశా వైపు కొండల్లో సవరల మధ్య ఉండి వాళ్ల చావు ఆచారాలు చూశాడు. అక్కడ మనిషి పోయాక మాటలు ఆగిపోవు. పూనకం వచ్చిన ఒక స్త్రీ నోట పోయినవాడు మాట్లాడతాడు. బతికున్నవాళ్లు చుట్టూ కూర్చుని ఏడుస్తారు, నిష్ఠూరాలాడతారు, "నన్ను ఎందుకు పట్టించుకోలేదు?" అంటే "డబ్బెక్కడిది, అప్పటికీ చేశాం" అని సంజాయిషీ చెప్పుకుంటారు. ఇలా ఏళ్లతరబడి సాగి సాగి, పోయినవాడి కోపం చల్లారుతుంది. ఇప్పటి సవర పిల్లలు చాలామంది క్రైస్తవులై ఆ మాటలు మానేశారు. పోయినవాళ్లు మాట్లాడతారని నేను నమ్మను. కాని పన్నెండు రోజుల్లో దుఃఖం ముగించి పదమూడోనాడు ఆఫీసుకి వెళ్లమనే మన పద్ధతికన్నా, నిందలూ క్షమాపణలూ అన్నీ అయ్యేదాకా మాట్లాడుకోనిచ్చే ఆ పద్ధతికి మనిషి మనసు ఎక్కువ తెలుసనిపిస్తుంది. నమ్మకం అబద్ధమైనా, అది మోస్తున్న అవసరం నిజం. ఆ అవసరం చూడలేని నాస్తికత్వం నాకు వద్దు.

ఇదంతా పుస్తకాల గొడవ కాదు, మా ఇంట్లోకి కూడా వచ్చింది. మా అమ్మాయి పెళ్లప్పుడు, "నన్ను దానమివ్వడానికి నేనేమన్నా గుమ్మడికాయనా? కన్యాదానం ఉంటే పీటల మీద కూర్చోను," అంది. మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి. "దానం లేకపోతే అది పెళ్లెలా అవుతుందే?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇద్దరూ నావేపే చూశారు. నేను చట్టం చెప్పాను. 1955 హిందూ వివాహ చట్టంలో సప్తపది గురించి ఉంది, ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుందని ఉంది, దానం మాట లేదు. అత్తయ్యగారికి చట్టంతో ఏం పని? అందుకని శాస్త్రం చెప్పాను. ఎనిమిది వివాహాల్లో గాంధర్వం కూడా ఉంది గదా, శకుంతలని ఎవరు దానమిచ్చారు అన్నాను. "ఆ పిల్ల పడ్డ పాట్లు తెలిసే ఆ పోలిక తెచ్చావుటే?" అన్నారావిడ తడుముకోకుండా. మా అమ్మాయి పక్కున నవ్వేసింది.

ఆ నవ్వుతో మాట కలిసింది. సప్తపదిలో ఏడో అడుగు అడిగేది స్నేహం. భార్యవి కమ్మని కాదు, చెలిమి చెయ్యమని. ఈ సంగతి ఇద్దరికీ అర్థం చెప్పి వినిపించాను. అమ్మాయి "ఇది నాకు కావాలి" అంది. అత్తయ్యగారు "అరవై ఏళ్ల కిందట నాకెవరూ చెప్పలేదు," అని కాసేపు ఊరుకున్నారు. చివరికి దానం మాటలు తీసేసి, పిల్ల చేతిని తండ్రీ, నేనూ, అత్తయ్యగారూ ముగ్గురం కలిపి అందించేటట్టు ఒప్పందం కుదిరింది. పూర్తిగా ఎవరి మాటా నెగ్గలేదు. అత్తయ్యగారు మర్నాడు ఎందుకైనా మంచిదని సత్యనారాయణ వ్రతం చేయించారనుకోండి. పీటలమీద అమ్మాయి బుద్ధిగానే కూర్చుంది.

నాకు ఆ పుస్తకాలు తెలియకపోతే ఏమయ్యేది? అమ్మాయి పక్షం చేరి ముసలావిడని మూర్ఖురాలనేదాన్ని, లేకపోతే అత్తయ్యగారి పక్షం చేరి "ఒక్క రోజే గదా, సర్దుకోవే" అనేదాన్ని. మన ఇళ్లల్లో సాధారణంగా జరిగేవి ఈ రెండే.

ఒక అభ్యంతరం మిగిలింది. లోపలికి రానివాడికి లోపలి రుచి తెలుస్తుందా? తెలీదు, ఒప్పుకుంటాను. దీపం ముందు కళ్లు మూసుకున్నప్పుడు మా అత్తయ్యగారి ముఖంలోకి వచ్చే నెమ్మది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కాని ఇంట్లో ఉన్నవాళ్లకి ఇంటి కప్పు కనపడదు, వీధిలో నుంచున్నవాళ్లకి కనపడుతుంది. ఇద్దరూ చెబితేగాని ఇల్లు పూర్తిగా తెలీదు. తాపీ ధర్మారావుగారు హేతువాది, నాస్తికుడు. శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి బళ్లలో చదివి, గిడుగువారికి శిష్యుడైనవారు. దేవాలయాల మీద బూతుబొమ్మలెందుకని 1936లో పుస్తకం రాసినదీ, 1960లో పెళ్లి పుట్టుపూర్వోత్తరాలు విప్పి చెప్పినదీ ఆయనే. వాటికి కోపగించుకున్నవాళ్లున్నారు. ఆయనకే 1971లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. దేనికనుకున్నారు? అర్జునుడి తీర్థయాత్ర కథయిన విజయవిలాసానికి రాసిన వ్యాఖ్యానానికి! నమ్మనివాడు అంత ఇష్టంగా చదివితే, నమ్మేవాళ్లకి కూడా తమ పుస్తకం కొత్తగా కనపడుతుంది.

కనక నమ్మని చెల్లెళ్లారా, మీ అమ్మగారి వ్రతకథల పుస్తకం పాతకాగితాలవాడికి వెయ్యకండి. ఒకసారి చదవండి. ఎవరు రాశారు, ఏ భయంతో విన్నారు, ఏ ఆశతో చెప్పుకున్నారు అని అడుగుతూ చదవండి. నమ్మే అక్కయ్యలారా, మీ పక్కన కూర్చుని ఎవరైనా అలా అడుగుతుంటే, కసురుకోకుండా కాస్త జరిగి చోటివ్వండి.

ఈసారి సిరిమాను తిరిగినప్పుడు నేనూ ఆ జనంలోనే ఉంటాను. దణ్ణం పెడతానా అంటే, అలవాటు లేదు. కాని అన్నని ఆగమన్న ఆ చెల్లెలి కథ కొత్తగా పుట్టిన పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి గదా. చెప్పడానికి నమ్మకం అక్కర్లేదు, కథ తెలిసుంటే చాలు.